నడుమెత్తు గోడ

జిల్లెడవాగు,
జూన్ 14, 2010

బిడ్డా శోభా,

మీ బాపు పెళ్లయిన ఏడాది ఎండాకాలంలో మా ఇంటి పాత గూనపెంకులు దింపి కొత్తవి వేయిస్తున్నాం. వాకిట్లో పెంకుల కుప్పల నడుమ నిలబడి, నేను అడగకుండానే, మీ బాపు నాకొక మాట ఇచ్చాడు. "మన ఇద్దరి నడుమ గోడ లేవదన్నా" అన్నాడు. అడిగి తీసుకున్న మాటల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. ఇది అడగకుండా వచ్చింది గనక నమ్మాను. ఆరేడేళ్ల తర్వాత ఒకనాడు మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి వాకిలికి అడ్డంగా గోడ లేచి ఉంది. మట్టి ఇంకా ఆరలేదు. మేస్త్రీ పక్కన మీ బాపు మట్టి చేతులతో నిలబడి ఉన్నాడు. నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను. ఆనాటి నుంచి ఒకే ఇంటి రెండు సగాల్లో ఉంటూ మేమిద్దరం ఒక్క మాట లేకుండా బతుకుతున్నాం. నీకప్పుడు నాలుగేళ్లు.

నువ్వు దేశం దాటిన నాడు కూడా ఉత్తరం రాయని పెద్దబాపు ఇప్పుడు ఈ పాత కథ ఎందుకెత్తాడని అనుకుంటావు. మళ్లీ గోడ మాట వచ్చింది. ఈసారి అందులో నీ చేయి కూడా ఉందని విన్నాను.

ఓపెన్‌కాస్టు గని మా చేన్ల దాకా వచ్చింది. ఊరు లేవాలి. దాని గురించి ఏడ్చేవాళ్లు ఏడ్చారు, పరిహారం లెక్కలు వేసుకునేవాళ్లు వేసుకున్నారు, ఊరంతా ఒప్పుకున్నట్టే. గోదావరిఖని పోయే రోడ్డు మీద కొత్త ఊరికి జాగా చూశారు. అక్కడి ఇళ్ల నమూనా మూడు దేశాల బొగ్గు పట్టణాలు కలిసి తయారు చేశాయట. జర్మనీ వాళ్లు, ఆఫ్రికా వాళ్లు, మనవాళ్లు. మొన్న బడిలో మీటింగు పెట్టి బొమ్మలు చూపించారు. నమూనా మంచిదేనని ఒప్పుకుంటాను, ఎందుకంటే నాకు చదవడం వచ్చు. కరెంటు ప్లాంటు బూడిదతో ఇటుకలు, వాన నీళ్లు ఇంకే గుంతలు, ఎండ తగలకుండా తెల్ల కప్పు. అన్నీ బాగున్నాయి. కానీ ఇళ్లన్నీ జంట ఇళ్లు. రెండు కుటుంబాలకు నడుమ ఒకటే గోడ. ఎవరి జంట ఎవరో వాళ్లే చెప్పుకోవాలి. జంట కుదరని వాళ్లకు ఊళ్లో ఇల్లు లేదు, ఖని పక్కన కట్టే మూడంతస్తుల బిల్డింగులో ఒక గది ఇస్తారు.

నాకు డెబ్బై దాటాయి. గనిలో బొగ్గు టబ్బు కింద పడిన మోకాలితో నేను మెట్లెక్కలేను. నా ఇల్లాలు, మీ పెద్దవ్వ సారక్క పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. ఉన్న ఊళ్లోనే నాకు తెలిసిన మొహాలు కొన్ని మిగిలాయి, వాటిలో సగం నాకు నచ్చవు, అయినా అవే కావాలి. ఎవరితోనూ గోడ పంచుకోను. ఒంటిగా ఒక గది, ఒక అరుగు ఉన్న ఇల్లు మీ వాళ్లతో చెప్పి రాయించు. నీ చేతిలో పని అని ఊరంతా అంటోంది.

ఫోన్ చేయకు. ఫోన్‌లో తొందరపడి తిట్టుకుంటాం. ఉత్తరంలో అయితే ఆలోచించి తిట్టుకోవచ్చు.

ల్యాంపు రూం ఆగయ్య

*

విట్‌బ్యాంక్, దక్షిణాఫ్రికా
జూలై 9, 2010

పెద్దబాపూ,

నీ ఉత్తరం చేతికి వచ్చినప్పుడు ఆఫీసులో అందరికీ చూపించాను. మన లిపి చూసి ముత్యాల్లా ఉందన్నారు. లోపల ఏముందో నేను చెప్పలేదు.

ముందు ఒక విషయం. జిల్లెడవాగు నమూనా మీద నాకు ఏ అధికారమూ లేదు. సొంత ఊరి పనిలో సొంత మనిషి ఉండకూడదని ఈ నమూనాలో భాగమున్న మా సంస్థలో నియమం ఉంది. మన ఊరి పని చూసేది నొమ్సా అనే ఆవిడ, నా పక్క కుర్చీలో కూర్చుంటుంది. ఆమెను నేను ఒక్క మాట అడిగినా అది తప్పవుతుంది. ఒంటి ఇల్లు రాయించలేను పెద్దబాపూ.

జంట ఇళ్లు ఎందుకో చెబుతాను. గోడ ఒకటి తగ్గితే ఇటుక తగ్గుతుంది, జాగా తగ్గుతుంది, మిగిలిన జాగాలో జనానికి చెట్లూ కూరగాయలూ వస్తాయి. మన ఎండలో రెండు ఇళ్లు ఒకదానికొకటి నీడ పడతాయి. జంటను మీరే ఎంచుకోవాలనడానికి ఇంకో కారణం ఉంది. ఇదివరకు చాలా దేశాల్లో ఊళ్లు లేచినప్పుడు లాటరీ తీసి ఇళ్లు ఇచ్చారు. ఎవరి పక్కన ఎవరో తెలియక, కొన్నేళ్లకు సగం మంది ఇళ్లు అమ్ముకుని పోయారు. ఇల్లు నిలవాలంటే పక్కింటి వాళ్లు నిలవాలి. మూడు దేశాల వాళ్లం కలిసి నేర్చుకున్న పాఠం ఇదొక్కటే అనిపిస్తుంది.

నేనున్న ఊరి పేరును ఇక్కడి భాషలోకి మార్చారు. దానికి అర్థం బొగ్గున్న చోటు. మన ఖని లాంటిదే. ఇక్కడ గనుల పక్కన పాత హాస్టళ్లు ఉండేవి. భార్యా పిల్లల్ని తెచ్చుకోనివ్వకుండా మగవాళ్లనే ఒక్కో గదిలో పదహారు మందిని సిమెంటు అరుగుల మీద పడుకోబెట్టేవాళ్లట. ఒక షిఫ్టు వాడు లేస్తే ఇంకో షిఫ్టు వాడు అదే అరుగు మీద పడుకునేవాడు. ఇప్పుడు ఆ గదుల్లో అడ్డుగోడలు కట్టి కుటుంబాలకు ఇళ్లుగా మారుస్తున్నారు. మొన్న ఒక గోడ పూర్తయితే ఆ ఇంటావిడ దాన్ని చేత్తో తడిమి పాట పాడింది. ఇక్కడ గోడ లేవడమంటే పండుగ. గోడ ఎప్పుడూ విడదీయడానికే కాదేమో పెద్దబాపూ.

బాపుతో జంటగా ఉండకూడదా అని అడగాలని ఉంది. అడగడం లేదు.

నీ అరుగు మీద పడుకుని కథలు విన్న
శోభ

*

జిల్లెడవాగు,
ఆగస్టు 2, 2010

శోభా,

అడగడం లేదంటూ అడిగావు. ఈ విద్య మీ బాపుది. చేస్తున్నానని చెప్పకుండా చేయడం.

గోడల గొప్పతనం గురించి నీ దగ్గర పాఠం వింటానని అనుకోలేదు. బొగ్గున్న చోటు నుంచి వచ్చిన ఉత్తరంలో నీ బాపు గొంతు వినిపించింది. గోడ పండుగ అని చెప్పమన్నాడా? ఆ ఆఫ్రికా ఇల్లాలికి గోడతో సంసారం దొరికింది, పాట పాడింది. నాకు గోడతో తమ్ముడు పోయాడు. రెండూ ఒకటేనని ఏ దేశం వాళ్లు నేర్పారు?

గోడ లేవక ముందు ఆ వాకిలి నీకు గుర్తుండదు. మీ అమ్మ అనసూర్య చుట్టూ పదిమంది ఆడవాళ్లు చేరి బీడీలు చుట్టేవాళ్లు. ఒకరి మొగుణ్ణి ఒకరు ఎత్తిపొడుస్తూ నవ్వులు. నువ్వు ఆ చాటల మధ్య దొర్లుతూ, తంబాకు ఘాటుకు తుమ్ముతూ, దేనికో ఒకదానికి ఏడుస్తూ ఉండేదానివి. రాత్రి షిఫ్టు చేసొచ్చి నేను అరుగు మీద మంచం వాల్చేవాణ్ణి. కునుకు పట్టేది కాదు. అయినా ఆ సందడి బాగుండేది. పుస్తకం మొహం మీద పెట్టుకుని అన్నీ వినేవాణ్ణి. అది పోయింది. కోపం మనిషికి మంచి నిద్ర ఇస్తుందని ఆ తర్వాతే కనిపెట్టాను. గోడ లేచిన వారం నుంచి నాకు పగటి నిద్ర గట్టిగా పట్టింది. తర్వాత ల్యాంపు రూంలో, బాయి దిగేవాళ్లకు దీపాలిచ్చే చోట, నాతో పనిచేసిన పోశంతో ఈ సిద్ధాంతం చెబితే, "ఇంకో నలుగురితోని కొట్లాడు ఆగన్నా, గురక వెడ్తవ్" అన్నాడు.

పోనీ కట్టిన గోడైనా సరిగ్గా కట్టాడా. నా అరుగుకు ఎదురుగా మనిషెత్తు లేపాడు. అక్కణ్ణుంచి వంటింటి వైపు దిగుతూ దిగుతూ వచ్చి పొయ్యి దగ్గరికి నడుమెత్తు అయ్యింది. ఇటుకలు అయిపోయాయి కాబోలు. అన్న నుంచి విడిపోవడానికి కూడా పూర్తిగా ఇటుకలు కొనలేని మనిషి. దాదాపు ముప్పై ఏళ్లుగా ఆ వంకర గోడ చూస్తూ పళ్లు తోముకుంటున్నాను.

నీ నియమాలు నువ్వు ఉంచుకో. నా జంట నేనే కుదుర్చుకున్నాను. పోశం ఒప్పుకున్నాడు. వాడికీ భార్య లేదు, పైగా చెవుడు. గోడ పంచుకోవడానికి అంతకంటే మంచి మనిషి దొరకడు.

నీకు ఏమీ బాకీ లేని
ఆగయ్య

*

విట్‌బ్యాంక్,
ఆగస్టు 30, 2010

పెద్దబాపూ,

బాపు నాకు ఏమీ నేర్పలేదు. ఆ గోడ గురించి బాపు ఇంతవరకు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. చిన్నప్పుడు ఎన్నిసార్లో అడిగాను. "ఉండనీ బిడ్డా" అనేవాడు, లేచి బయటికి పోయేవాడు. ఇంటర్ చదివేటప్పుడు కోపంతో, నువ్వే తప్పు చేశావు కదా అని మొహం మీదే అన్నాను. దానికీ అదే మాట.

నీ గురించి ఫోన్‌లో అడిగేది ఒక్కటే. ప్రతిసారీ అదే. "పెద్దబాపు మంచిగ నిద్రపోతున్నడా" అంటాడు. గోడకు అవతలే ఉన్నావు, నేను సముద్రాలు దాటి ఉన్నాను, నాకెలా తెలుస్తుందని నవ్వుతాను. ముసలివాళ్లకు తిండీ నిద్రే లోకం అనుకుంటాను.

హాస్టళ్ల సంగతి నీకు నచ్చుతుందని రాశాను. నీకు తగిలేలా రాయాలని కాదు. నాకు ప్రపంచం మొదట చూపించింది నువ్వు. అట్లాసు ముందేసుకుని, ఇదిగో ఇక్కడ బొగ్గుంది, ఇదిగో ఇక్కడ కూడా ఉంది, అక్కడ కూడా మన లాంటివాళ్లు ల్యాంపు పెట్టుకుని దిగుతారు అని చెప్పింది నువ్వే. అలాంటి చోటికి వచ్చాను కాబట్టి నీకే రాయాలనిపించింది.

పోశం కాక ఒప్పుకున్నందుకు సంతోషం.

నీకు బాకీ ఉన్న
శోభ

*

జిల్లెడవాగు,
అక్టోబర్ 30, 2011

శోభా,

ఏడాది దాటి రాస్తున్నాను. కోపం కొంత, బద్ధకం కొంత. ఆ తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది. బొగ్గు బాయిలన్నీ బందు. నెల పైన బొగ్గు పెళ్ల కదల్లేదు. నా సర్వీసులో ఎన్నో సమ్మెలు చూశాను, సగం వాటిని నడిపినవాళ్లే అమ్ముకున్నారు, వాళ్ల పేర్లు నా దగ్గర ఉన్నాయి. ఇది వేరు. రోడ్ల మీద వంటలు చేశారు. నేను కూడా కర్ర పట్టుకుని పోయి కూర్చున్నాను. మీ బాపు అవతలి వరసలో కూర్చున్నాడు. తెలంగాణ కోసం ఒకే తట్టలో అన్నం తిన్నాం గానీ మాట్లాడుకోలేదు.

సమ్మె అయిపోయింది, ఊరు లేచే పని మళ్లీ మొదలైంది. కొత్త జాగాలో నేల మీద సున్నంతో ఇళ్ల గీతలు గీస్తారట. ఒక రోజు పెట్టి అందరినీ పిలుస్తారు. ఎవరికి నచ్చిన చోట వాళ్లు నిలబడాలి, పక్కన ఎవరు నిలబడితే వాళ్లు జంట. కాగితాల మీద రాయిస్తే పెద్దవాళ్లు చిన్నవాళ్ల చేత వేలిముద్ర వేయిస్తారని ఈ ఏర్పాటు. అందరి ఎదుట, కాళ్లతో చెప్పాలి. ఇది కూడా మీ మూడు దేశాల తెలివే అంటున్నారు. లాటరీయే మేలు కదా బిడ్డా. లాటరీకి ఎవరి మీదా కోపం ఉండదు.

ఇట్లా ఎందుకంటున్నానంటే పోశం వెనక్కిపోయాడు. కొడుకు మంచిర్యాలలో ఇల్లు కొన్నాడట, అక్కడికి పోతాడట. మొన్న నా అరుగు మీద కూర్చుని నేల చూస్తూ చెప్పాడు. అంతకు రెండు రోజుల ముందు హోటలు దగ్గర మీ బాపూ పోశమూ ఒకే బల్ల మీద చాయ తాగుతుంటే నేను కళ్లారా చూశాను. ఏం చెప్పి మాన్పించాడో. నేను మూడో అంతస్తులో మగ్గితే గాని మీ బాపుకు కంటి నిండా నిద్ర పట్టదేమో. "నిద్రపోతున్నడా" అని నిన్ను అడుగుతాడని రాశావు. దానికి అర్థం నాకు అప్పుడే తెలిసింది. పోయాడా అని అడగడానికి నోరు రాక నిద్రపోతున్నాడా అంటున్నాడు.

ఊళ్లో ఇంకో నలుగురిని అడిగాను. కొమురెల్లి తన కూతురితో పోతున్నాడు. ఎల్లన్న బావమరిదితో. ఒకామె మొహం మీదే చెప్పింది, "నీతోని గోడ వంచుకుంటె దినాం ఉపన్యాసం ఇనాలె ఆగన్నా" అని. నాకు జంట లేదు. నొమ్సాతో ఇప్పుడైనా ఒక మాట చెప్పు.

ఆగయ్య

*

విట్‌బ్యాంక్,
నవంబర్ 20, 2011

పెద్దబాపూ,

నొమ్సాతో చెప్పను. చెబితే నీకు ఒక ఇల్లు వస్తుంది, ఊళ్లో ఇంకెవరి మాటా నిలవదు. ఇది నాకు సులువుగా ఉందని అనుకోకు. ఆ బిల్డింగు మెట్లు నేను కూడా లెక్కలో పెట్టుకునే ఉన్నాను.

పోశం కాక కొడుకు మంచిర్యాలలో ఇల్లు కొన్నది నిజమే. వాడు నాతో చదువుకున్నాడు, ఫోన్ చేసి చెప్పాడు. తండ్రికి నిన్ను వదిలిపోవడం ఇష్టం లేదట. ఆ రోజు హోటల్లో బాపు పోశం కాకను ఉండిపొమ్మని బతిమాలుతున్నాడట. "నువ్వు వోతె మా అన్న ఒక్కడయితడు" అన్నాడట. నువ్వు నమ్మవని తెలుసు. రాయాలి కాబట్టి రాశాను.

ఒక్కటి చెప్పి ఆపుతాను. నువ్వు వంకర గోడ అంటావు చూడు, ఆ గోడ మీద పెరిగిన పిల్లను నేను. వంటింటి దగ్గర తక్కువ ఎత్తున్న చోట కాలు అటొకటి ఇటొకటి వేసి గుర్రం ఆడేదాన్ని. పొద్దున మా అమ్మ అటు నుంచి ఎక్కించేది, పెద్దవ్వ ఇటు నుంచి చంకలో చేతులు పెట్టి దింపుకునేది. "మెల్లగ, పెద్దబాపు లేస్తడు" అని చెవిలో చెప్పేది. రెండు ఇళ్లల్లో తిన్నాను. ఎవరూ నన్ను ఏ ఇంటి దానివని అడగలేదు. మీ ఇద్దరి మధ్య ఏముందో నాకు తెలియదు. నా మధ్య ఏమీ లేదు.

శోభ

*

జిల్లెడవాగు,
ఫిబ్రవరి 19, 2012

బిడ్డా శోభా,

సున్నం గీతల రోజు మొన్న అయిపోయింది. మీ అమ్మ ఫోన్‌లో చెప్పే ఉంటుంది. ఆమె చెప్పింది ఆమె కథ. నాది నేను రాస్తాను. రాయకపోతే ఇంకెవరో తమకు నచ్చినట్టు చెబుతారు, ఈ ఊరి అలవాటు నాకు తెలుసు.

షామియానా వేశారు. మీ నొమ్సా వచ్చింది. పొడుగు మనిషి, ఎండలో టోపీ కూడా లేకుండా గీతల మధ్య తిరిగింది. ఎక్కడ నేర్చుకుందో "అన్నా, బాగున్నవా" అని అందర్నీ పలకరించింది. ఆమె మాటలు తెలుగులో చెప్పడానికి రవికాంత్ అనే ఇంజనీరును పెట్టారు. రాజమండ్రి వైపు మనిషి. ఈ ఉద్యమం రోజుల్లో ఆ యాసతో ఇక్కడ నిలబడడానికి గుండె ఉండాలి. పిల్లవాడు మంచివాడే.

ఊరు ఊరంతా ఆ తెల్ల గీతల్లో నిలబడింది. నేను ముందే పోయి రోడ్డుకు దగ్గరగా, మూల కాని ఒక గడిలో కర్ర పాతినట్టు నిలబడ్డాను. అటు నవ్వులు, ఇటు పిలుపులు. "ఇటు రా వదినె, మా పక్కపొంటి" అని ఒకరు, "మీ కోళ్లను కట్టేస్తనంటెనే" అని ఇంకొకరు. చూస్తుండగానే దాదాపు గడులన్నీ రెండేసి రెండేసి నిండాయి. నా పక్క గడి ఖాళీ. నేను దూరంగా కొంగలను చూస్తున్నట్టు నటించాను. అక్కడ కొంగలు లేవు.

రవికాంత్ వచ్చి, "ఆగయ్య గారూ, మీ జోడీ ఎవరండీ?" అని అడిగాడు.

"ఈ వయసుల జోడీ చూస్తవా నాకు?" అన్నాను. అందరూ నవ్వారు. కొమురెల్లి అక్కణ్ణుంచే, "ఆగన్నకు గోడ లేని ఇల్లు గట్టియ్యుండ్రి సారూ, పంచాది వోతది" అన్నాడు. ఇంకా నవ్వారు. నొమ్సా నవ్వలేదు. ఆమె ఆ ఖాళీ గడి వైపు చూసింది. ఆ చూపుతో నాకు మూడో అంతస్తు కళ్ల ముందుకొచ్చింది. కిటికీ, కింద ఎవరిదో తెలియని రోడ్డు, ఎవరి పేరూ తెలియని మెట్లు. దిగి రావడానికి ఎవరి భుజమో అడగాలి. కర్ర మీదికి ఒరిగాను.

అప్పుడు మీ బాపు వచ్చాడు. ఆయనకు వేరే జంట ఉంది, ఎల్లన్న తమ్ముడితో ముందే మాట్లాడుకున్నాడు, ఆ గడిలో నిలబడి ఉన్నాడు కూడా. అక్కణ్ణుంచి గీతలు తొక్కకుండా దాటుకుంటూ, మెల్లగా నడిచి వచ్చి నా పక్క గడిలో నిలబడ్డాడు. వెనకాలే మీ అమ్మ. ఎల్లన్న తమ్ముడు ఇంకా జంట లేని ఒకరి వైపు జరిగిపోయాడు. ముందే చెప్పుకున్నారనిపించింది.

నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత నా తమ్ముడితో నేను మాట్లాడిన మొదటి మాట ఇది: "అప్పుడు గోడ నువ్వు గట్టినవ్ సదయ్యా. ఇప్పుడు వీళ్లు గట్టిస్తున్నరు. నీకు ఇటుకలు కలిసొచ్చినయ్."

మీ బాపు సున్నం గీత వైపు చూస్తూ ఉండిపోయాడు. ఎప్పటిలాగే. ఆ మౌనమే నాకు ఎప్పుడూ ఒప్పుకోలుగా కనిపించింది. మీ అమ్మ కొంగు నడుముకు చుట్టుకుని ముందుకొచ్చింది.

"ఇగ నేనూకోను. ఈయనకు ఒట్టు ఉన్నది, నాకు లేదు. బావా, ఆ గోడ ఈయన గట్టలే. సారక్క గట్టిచ్చింది."

మీ బాపు "అనసూర్యా" అన్నాడు. ఆమె ఆగలేదు.

"నీ మోకాలు టబ్బు కింద వడ్డనాడు బాయిల అందరు ఏమన్నరు? నిద్రలేక కునికిండని గదా. మా బీడీల లొల్లికి, మా పొల్ల ఏడుపుకు నీకు పగటీలి కన్ను మూతవడకపోయేది. ఇంకోపాలి కునికితే మనిషి దక్కడని అక్క నా దగ్గర ఏడ్చింది. ఈయన కాళ్లు వట్టుకున్నది, గోడ వెట్టు సదయ్యా అని. మీ అన్నకు చెప్పకు, నిద్ర కోసమంటె ఒప్పుకోడు, ఇల్లు ఇరగనియ్యడు, కోపమన్న జేస్కోనీ గని బతకనీ అని ఒట్టేయించుకున్నది. అక్క సచ్చిపోయినా ఈ మొద్దు మనిషి ఒట్టు ఇడువలే."

నేను మీ బాపు వైపు చూశాను. అబద్ధమైతే ఇప్పుడు చెప్పు అన్నట్టు చూశాను. ఆయన తల ఎత్తి ఒక్కటే అన్నాడు.

"వదినె అడిగిందన్నా."

చిన్నప్పుడు నా వెనకాల చేపలకు వచ్చేటప్పటి గొంతుతో, "ఇప్పుడు నిద్ర వడ్తుందా?" అని అడిగాడు.

గీత మీద కూర్చున్నాను. పంచెకు సున్నం అంటింది. నొమ్సా ఏమైందని అడిగితే రవికాంత్ ఆమెకు చాలాసేపు ఇంగ్లీషులో చెప్పాడు. అంత చిన్న మాటలకు అంతసేపు ఎందుకు పట్టిందో. ఆమె వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. గోడ ఎక్కడ ఎలా ఉండాలో చెప్పమని అడిగింది. తన తండ్రి కూడా ఆ హాస్టళ్లలో పడుకున్నవాడేనని రవికాంత్ నాకు తర్వాత చెప్పాడు. నువ్వు నాకు రాయలేదు.

నేను చెప్పాను. పడుకునే గది వైపు మందంగా, వంటింటి దగ్గర నడుమెత్తు చాలని. "నడుమెత్తు అయితే కప్పు నిలబడదండీ" అన్నాడు రవికాంత్. అది నాకూ తెలుసు, మనసులోది అలా వచ్చేసింది. చివరికి ఇల్లు వాళ్ల నమూనా ప్రకారమే. వెనక పెరట్లో రెండు ఇళ్ల మధ్య వచ్చే గోడను మాత్రం వంటింటి గుమ్మం దగ్గర నడుమెత్తుకు దింపుతారు. మిగతా వాళ్లు కూడా మాకూ అలాగే అని మొదలుపెట్టారు. కోళ్లు దూకుతాయని ఒకరు, గిన్నెలు అందించుకోవచ్చని ఒకరు. మూడు దేశాలు కలిసి గీసిన బొమ్మలో అదొక్కటి మన ఊరు దిద్దింది.

ఇంటికొచ్చి గోడ ముందు నిలబడ్డాను. ఇన్నేళ్లూ నేను వెక్కిరించిన గోడ. నా మంచానికి ఎదురుగా మనిషెత్తు. బీడీల మాటలు తగలకుండా సరిగ్గా నా తలగడ ఉండే చోట అన్నింటికంటే ఎత్తు. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి పిల్లను అందుకునేంత, కూర గిన్నె దాటించేంత. ఇటుకలు అయిపోలేదు శోభా. అది కొలిచి కట్టిన గోడ. కొలత మీ బాపుది కాదు, మేస్త్రీది కాదు. ఎంత ఎత్తు కావాలో, ఎక్కడ తగ్గాలో ఆమె దగ్గర నిలబడి చెప్పి ఉంటుంది. అది పూర్తయ్యాక నేను రాకముందే లోపలికి పోయి, ఏమీ తెలియనట్టు పొయ్యి ముందు కూర్చుని ఉంటుంది. ఆ సాయంత్రం నేను కేకలు వేస్తే పీట జరిపి "ముందు అన్నం దిను" అంది. ఆ వారం నేను హాయిగా నిద్రపోయి లేస్తే, "కోపంల కూడ మంచిగనే నిద్ర వట్టింది గదా" అంది. ఆ మాటను నా సిద్ధాంతం చేసుకుని ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు ఎవరికి చెప్పి దిద్దుకోను?

మీ బాపు సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. నాకిచ్చిన మాట తప్పి ఆమెకిచ్చిన మాట నిలుపుకున్నాడు. రెండిట్లో ఒకటే నిలిచేది. నేనైనా అదే చేసేవాణ్ణేమో తెలియదు, ఆమె నన్ను ఎప్పుడూ అలా అడగలేదు. నిన్న పొద్దున గోడ తక్కువగా ఉన్న చోట నిలబడి "సదయ్యా, చాయ" అన్నాను. వచ్చాడు. ఇద్దరం గోడ మీద గ్లాసులు పెట్టుకుని తాగాం. మాటలు ఇంకా రావడం లేదు. చక్కెర ఎక్కువైందని మాత్రం చెప్పాను. అది నిజంగానే ఎక్కువైంది. ఆ చాయ బల్ల మీద నేను అనుమానించిన పాపం, పోశంను బతిమాలిన పుణ్యం అన్నీ నువ్వు రాసినట్టే. నీ ఉత్తరాలు మళ్లీ చదివాను. నువ్వు కల్పించుకుని నాకు ఒంటి ఇల్లు ఇప్పించి ఉంటే ఈ సంగతి నాకు చచ్చేదాకా తెలిసేది కాదు. నీ నియమం మంచిదే. ఈ మాట ఇంకోసారి రాయను, దాచుకో.

వచ్చే ఏటికి ఈ ఇల్లు కూలుస్తారు. గోడ కూడా. దాన్ని మీ వాళ్లు ఫోటో తీసుకున్నారు.

ఇంకెవరి మీదా నాకు కోపం మిగల్లేదనుకుంటావేమో. మిగిలింది. గోడ లేచాక ఆమె నాతో ఇరవై ఏళ్ల పైన బతికింది. ఈ అరుగు మీద నా పక్కన కూర్చుని, దినామూ నా తమ్ముణ్ణి నేను తిట్టే తిట్లన్నీ వింది. టిఫిను గిన్నె మూత పెడుతూ వింది, తల దువ్వుకుంటూ వింది, దవాఖానలో సెలైను ఎక్కుతుండగా కూడా వింది. మీ బాపు వచ్చి గుమ్మం బయట నిలబడితే నేను లోపలికి రానివ్వకపోవడం చూసింది. ఆ ఆఖరి రోజు కూడా ఒక్క మాట చెప్పి పోవచ్చు. చెప్పలేదు. నేను నిద్రపోవాలని నా తమ్ముణ్ణి నాకు కాకుండా చేసింది, ఆ తర్వాత ఏడేళ్లుగా నిద్ర లేకుండా నన్నిక్కడ వదిలేసింది. మీ బాపును వదిలేశాను. ఆమెను వదలను. కొత్త ఇంట్లో, ఆ మందం గోడ పక్కన మంచం వాల్చుకున్నా, నేను తప్పు పట్టేది ఒక్క మనిషినే.

సారక్కను.